కాపలా నీడ

పొద్దున్న తొమ్మిదయ్యేసరికి దర్జీ దుకాణం తలుపు తీసేవాడు. ముందు కుట్టుమిషను మీద కప్పిన గుడ్డ తీసి దులిపేవాడు, ఇస్త్రీ పెట్టె వేడెక్కడానికి పెట్టేవాడు, నిన్న సగంలో ఆపిన కోటును వెలుతురుకి పట్టి ఒకసారి చూసుకునేవాడు. మెడలో టేపు పడిందంటే చాలు, ఇక లోకమంతా అతనికి అంగుళాల్లోనే కనిపించేది. రోడ్డుకి అవతల నడిచిపోయే మనిషిని చూసి కూడా, 'ఈయనకి ఎడమ భుజం అరంగుళం దిగింది, అటువైపు రెండు పొరల ప్యాడు వెయ్యాలి' అనుకునేవాడు. భుజాలు ఎగుడుదిగుడుగా ఉన్న పెద్దమనుషులు ఎంతోమంది అతని దగ్గర కోట్లు కుట్టించుకుని, అద్దంలో చూసుకుని, తాము తిన్నగానే ఉన్నామన్న నమ్మకంతో ఇంటికి వెళ్ళేవాళ్ళు. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పేవాడు కాదు. పనితనమంటే చెప్పకుండా సర్దడమేనని అతని ఉద్దేశం.

భార్య దుప్పట్ల ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు చేసేది. మధ్యాహ్నం వెళ్తే మళ్ళీ రాత్రి ఎనిమిదికే రావడం. అతను దుకాణం కట్టేదీ దాదాపు అప్పుడే. ఇద్దరు ఆడపిల్లలు నాలుగింటికి బడి నుంచి వచ్చి, తాళం తీసుకుని, ఉన్నదేదో తిని, అమ్మానాన్నలు వచ్చేదాకా వాళ్ళ పాటికి వాళ్ళుండేవాళ్ళు. పెద్దదానికి పదమూడేళ్ళు. ఇంట్లో అమ్మలు అని పిలిచేవాళ్ళు. నెమ్మదస్తురాలు, అడిగితే తప్ప మాట్లాడదు. చిన్నదానికి ఏడేళ్ళు. నోరు మూతపడేది కాదు కాబట్టి పిచ్చుక అని పేరొచ్చింది.

ఆ ఇంట్లో కంప్యూటర్ ఉండేది. ఒక ఆఫీసువాళ్ళు పాతవి తీసేస్తున్నారని తెలిసి, వాళ్ళ మేనేజరుకి ప్యాంట్లు కుట్టే చనువుతో దర్జీ ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. ముందుగదిలో, కిటికీ పక్కన, పాడైపోయిన కుట్టుమిషను బల్ల మీద దాన్ని పెట్టాడు. బల్ల కింద తొక్కుడు పలక ఇంకా అలాగే ఉంది. పిచ్చుక ఆ పలక తొక్కితేనే కంప్యూటర్ నడుస్తుందని నమ్మి, అక్క హోంవర్కు చేస్తున్నంతసేపూ బల్ల కింద కూర్చుని తెగ తొక్కేది.

ఒక రోజు కరెంటు పోయి మిషను ఆగిపోవడంతో దర్జీ అయిదింటికే ఇంటికొచ్చాడు. ఇంటి దగ్గర కరెంటు ఉంది. అమ్మలు తెరకి బాగా దగ్గరగా కూర్చుని ఏదో చూస్తోంది. అతను తలుపులోంచి అడుగు పెట్టేసరికి తెర మీద ఒక ఆడపిల్ల వీపు కనిపించింది. ఒంటి మీద బట్ట లేని వీపు.

అమ్మలు ఉలిక్కిపడి మౌస్ కోసం తడుముకుంది. అతను రెండంగల్లో వెళ్ళి ప్లగ్గు పీకేశాడు.

"ఇందుకా నీకిది తెచ్చిపెట్టింది?"

"కాదు నాన్నా, అది…"

"నోరు ముయ్యి! చెల్లెలు పక్కనుందన్న జ్ఞానం కూడా లేదు."

అమ్మలు నోరు మూసుకుంది. పిచ్చుక కూడా మూసుకుంది, అదే వింత. దర్జీ ఆ సాయంత్రమంతా ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. దుకాణానికి వచ్చేవాళ్ళు నెట్‌లో పిల్లలు పాడైపోవడం గురించి ఏవేవో చెప్పి అప్పటికే అతని గుండెల్లో రాయి వేసి పెట్టారు. ఆ రాయి ఇప్పుడు తన ఇంట్లోనే పడిందనుకున్నాడు. అమ్మలు ఆ వీపును ఎందుకు చూస్తోందో మాత్రం అడగలేదు. అడగాలన్న ఆలోచనే రాలేదు.

మర్నాడు కంప్యూటర్లు బాగుచేసే అతన్ని పిలిపించాడు.

"పిల్లల తాళమని ఒకటుంటుంది మాస్టారూ. మనం వద్దనుకున్న మాటలు అందులో రాసి పెడితే అలాంటివి తెర మీదకి రావు," అన్నాడు అతను.

"మా పిల్ల ఆ తాళం తియ్యలేదా?"

బాగుచేసే అతను మెడ గోక్కున్నాడు. "అబద్ధమెందుకు, తియ్యగలదు. మా ఇంట్లో మూడో రోజే తీశారు. నాకే మళ్ళీ వెయ్యడం కుదరక మావాడినే అడిగి వేయించుకున్నా."

అందుకని ఆ మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చిన దర్జీ, తిరిగి దుకాణానికి వెళ్ళేటప్పుడు తన నీడను ఇంట్లో వదిలి వెళ్ళాడు.

గుమ్మం దగ్గర ఎండలో నిలబడి, చెప్పులు విడిచినట్టు ఒక మడమతో రెండో మడమను నొక్కి నీడను విడదీశాడు. దాన్ని తెచ్చి కంప్యూటర్ పక్కనున్న కుర్చీలో కూర్చోబెట్టాడు. "ఒళ్ళు కనిపించే బొమ్మ వస్తే కప్పెయ్. ఒంటి గురించి రాసిన ముక్క ఏదొచ్చినా కప్పెయ్. మిగతావి వాళ్ళిష్టం," అని చెప్పాడు.

ఫ్యాక్టరీకి బయల్దేరుతున్న భార్య చూసి, "కిటికీకి అంత దగ్గరొద్దండీ, ఎండకి వెలిసిపోతుంది," అంది. అతను కుర్చీని కాస్త లోపలికి జరిపాడు.

దుకాణంలో ఒకళ్ళిద్దరు అడిగారు కూడా. "ఏం మాస్టారూ, ఇవాళ నీడ కనబడదేం?"

"పిల్లల దగ్గర ఉంచొచ్చా."

"మంచి పని చేశారు. ఈ రోజుల్లో ఓ కన్నేసి ఉంచాలి." అంతే, మళ్ళీ కాలరు సంగతికి వచ్చేవాళ్ళు.

ఆ రోజు నుంచి అదే అలవాటైంది. మధ్యాహ్నం విప్పడం, రాత్రి ఇంటికొచ్చాక గుమ్మంలో మళ్ళీ కాళ్ళకి తగిలించుకోవడం. నీడ పని ఎలా చేస్తోందో పిచ్చుక పూసగుచ్చినట్టు చెప్పేది. దానికీ నీడకీ బాగా కుదిరింది. ఆటల టైము అయిపోయాక కూడా బతిమాలితే నీడ వేళ్ళు ఎత్తి చూపించేదట, ఇంకో రెండు నిమిషాలని. గోడ మీద కుందేలు చెవులు పెట్టడం తనే నేర్పానంది. తప్పుడు ప్రకటన ఏదైనా వచ్చిపడితే నీడ చెయ్యి చాపి తెర మీద సిరా ఒలికినట్టు పరుచుకునేదట, దాని కింద అక్షరమ్ముక్క కూడా కనిపించేది కాదట.

"అక్క ఏదైనా టైపు కొడితే కూడా కప్పేస్తుంది నాన్నా. ఇవాళ మూడుసార్లు కప్పింది," అంది ఒక రోజు అన్నాల దగ్గర.

దర్జీ తలెత్తాడు. "ఏం కొట్టావు?"

"ఏం లేదు," అంది అమ్మలు పళ్ళెంలోకి చూస్తూ.

"మళ్ళీ అవేనా?"

అమ్మలు మెతుకులు పళ్ళెం అంచుకి నెట్టింది. చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గుపడాల్సిన పని చేసిందనడానికి అతనికి అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది.

"పోనీండి, కప్పేసిందిగా," అంది భార్య. తర్వాత కూతురి వైపు తిరిగి, "నిటారుగా కూర్చోవే. ఆ కంప్యూటర్ ముందు కూర్చునీ కూర్చునీ ఎలా వంగిపోతున్నావో చూడు," అంది.

అమ్మలు నిటారుగా కూర్చోడానికి ప్రయత్నించింది. కాసేపు ఊపిరి బిగబట్టినట్టు కూర్చుంది.

కొత్త తరగతి మొదలయ్యే ముందు బడి బట్టలు కుట్టాల్సి వచ్చింది. పిల్ల పెద్దదవుతోందని రెండేళ్ళుగా దర్జీ అమ్మలు కొలతలు తీసుకోవడం మానేశాడు. వాళ్ళమ్మ పాత జత ఒకటి కొలతకి ఆదిగా ఇచ్చేది. ఆ ఏడు కూడా ఆది ఇచ్చి, ఎంత పెంచాలో చేతివేళ్ళతో చూపించింది. అతను దుకాణానికి బయల్దేరుతుంటే అమ్మలు వెనకే గుమ్మందాకా వచ్చింది.

"వదులుగా కుట్టు నాన్నా."

"ఎంత వదులు?"

"బాగా. ఒంటికి తగలకుండా."

పిల్లకి బుద్ధొచ్చిందని అతనికి సంతోషమేసింది. నాలుగువైపులా ఉదారంగా గుడ్డ వదిలి కుట్టాడు. వేసుకుంటే సంచిలో దిగినట్టుంది. అమ్మలు మాత్రం అద్దంలో పక్కకి తిరిగి చూసుకుని, "బాగుంది," అంది.

నీడ సంగతి మొదట పట్టుకున్నది భార్యే. సెలవు రోజు ఇద్దరూ బజారుకి వెళ్తుంటే ఆమె నేల మీదికి చూసి ఆగింది.

"ఏమండీ, మీ నీడేంటి ఓ పక్కకి ఒరిగింది?"

అతనూ చూశాడు. నిజమే. తను తిన్నగానే నిలబడ్డాడు. నీడకి మాత్రం కుడి భుజం పైకీ ఎడమ భుజం కిందికీ ఉన్నాయి. నడుం దగ్గర ఒకవైపు లోపలికి నొక్కుకున్నట్టుంది.

"ఆ కుర్చీ అలాంటిది. ఒక కాలు పొట్టి," అన్నాడు.

కుర్చీ మార్చాడు. నెల తిరిగేసరికి ఒరుగు ఇంకాస్త పెరిగింది. కుర్చీలో దిండు వేశాడు. లాభం లేకపోయింది. మంగలి షాపులో గడ్డం గీయించుకుని దిగుతుంటే మంగలి, "నీడకి నడుం పట్టినట్టుందే," అని నవ్వాడు. రోడ్డు మీద నడుస్తున్నప్పుడు దర్జీకి తలవంపుగా ఉండేది. ఊళ్ళోవాళ్ళ భుజాలు సర్దే మనిషి, సొంత నీడ ఇలా వంకర్లు పోతే నలుగురూ ఏమనుకుంటారు? ఒంటరిగా ఉన్నప్పుడు దాన్ని కసిరేవాడు కూడా. "నిటారుగా నిలబడు! ఏం రోగం నీకు?"

నీడ కదిలేది కాదు. అలాగే, ఒక భుజం ఎత్తి, అతను చెప్పేది వింటున్నట్టు ఉండేది.

చివరికి ఒక రోజు, ఇక ఇస్త్రీ చేసి తీరాలని దాన్ని దుకాణానికి తీసుకుపోయాడు. ఒక్క పూట పిల్లల దగ్గర కాపలా లేకపోతే మునిగిపోయేదేం లేదనుకున్నాడు. సాయంత్రం పని కాస్త తెరిపి ఇచ్చాక, కత్తిరింపు బల్ల ఖాళీ చేసి నీడను దాని మీద పరిచాడు. నీళ్ళు చిలకరించాడు. తడిగుడ్డ కప్పి, ఇస్త్రీ పెట్టెతో మెడ నుంచి నడుందాకా గట్టిగా లాగాడు. ఆవిరి లేచింది. గుడ్డ తీసి చూస్తే కాసేపు తిన్నగా ఉన్నట్టే ఉంది. అతను చూస్తుండగానే నెమ్మదిగా, నిద్రలో మనిషి ఒత్తిగిలినట్టు, నీడ మళ్ళీ తన వంకరలోకి తను వెళ్ళిపోయింది.

అలా మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ అంతే.

అప్పుడు మెడలోని టేపు తీశాడు. నీడ ఎండను బట్టి సాగుతుంది, కుదించుకుపోతుంది. అందుకే దాన్ని ఎవరూ కొలవరు. కానీ మనిషి నుంచి విడదీసి బల్ల మీద పరిస్తే దాని అసలు కొలత దానికుంటుంది. మెడ నుంచి నడుం దాకా కుడివైపు పదిహేనున్నర వచ్చింది. ఎడమవైపు పద్నాలుగు. సుద్దతో బల్ల మీద రాసుకున్నాడు. భుజం వెడల్పు కొలిచాడు.

పదమూడున్నర.

తన భుజం పద్దెనిమిది. టేపు జారిందేమోనని మళ్ళీ కొలిచాడు. పదమూడున్నరే. చెయ్యి పొడవు కొలిచాడు. ఆ అంకె చూడగానే అతని వేళ్ళు ఆగిపోయాయి, ఎందుకంటే ఆ చెయ్యిని ఈ ఏడు బడి బట్టల్లో కుట్టాడు. ఒకటిన్నర అంగుళం వదిలి కుట్టాడు.

అమ్మలు ఆది ఇంకా దుకాణంలోనే ఉంది, అరలో మడతపెట్టి. తీసి నీడ మీద పరిచాడు. గుడ్డను ఎక్కడా లాగక్కర్లేకపోయింది, ఏ అంచు మీద ఆ అంచు కూర్చుంది. దగ్గరగా చూస్తే ఆదిలో కుడి చంక కింద కుట్టు రాసుకుని రాసుకుని వెలిసిపోయి ఉంది. కింద అంచు ఒకవైపు ఎత్తి, ఒకవైపు జారి ఉంది. నెలల తరబడి ఒక వంకర ఒంటి మీద తిరిగి గుడ్డ కూడా ఆ వంకరే పట్టింది. ఈ ఆది వారం రోజులు తన చేతుల్లో ఉంది. తిరగేశాడు, బోర్లేశాడు, దీన్ని చూసే కత్తెర పెట్టాడు.

రోడ్డుకి అవతల పోయేవాడి భుజం అరంగుళం దిగితే కనిపెట్టే కళ్ళవి.

ఇస్త్రీ పెట్టె ఆపి, నీడను భుజాన వేసుకుని, తలుపు దగ్గరికి లాగి ఇంటికి నడిచాడు. దారిలో ఎవరో పలకరించారు. ఏమన్నాడో అతనికే గుర్తులేదు.

ముందుగదిలో పిచ్చుక నేల మీద బొమ్మలు గీసుకుంటోంది. అమ్మలు కంప్యూటర్ ముందుంది. కాపలా లేని సాయంత్రం దొరికింది కదా, తెరకి దగ్గరగా వంగి, పెదవులు కదుపుతూ చదువుకుంటోంది. తెర మీద ఆడపిల్ల వీపు. బట్ట లేదు. దాని మధ్యలో పైనుంచి కిందికి ఎవరో ఎర్రగీత గీశారు. గీత తిన్నగా లేదు.

నాన్నను చూసి అమ్మలు ముఖం పాలిపోయింది. ప్లగ్గు పీకడానికి తనే వంగింది.

"వద్దమ్మా. ఉండనీ."

"నాన్నా, నేను ఊరికే…"

"ఉండనీ. నేనూ చూస్తాను."

వచ్చి ఆమె వెనక నిలబడి చదివాడు. ఎదిగే పిల్లల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, కొందరికి వెన్నెముక పక్కకి వంగుతుందట. సంచి మొయ్యడం వల్ల కాదట. కూర్చునే తీరు వల్ల కాదట. పిల్లల తప్పేమీ లేదట. ఎంత ముందు చూపిస్తే అంత మంచిదట, ఎందుకంటే ఎదుగుదల ఆగేలోపే దాన్ని నిలబెట్టాలట. ఆఖరి వాక్యం రెండుసార్లు చదివాడు.

"ఆ రోజు చూసింది ఇదేనా?" అన్నాడు.

అమ్మలు తలూపింది.

"మరి చెప్పలేదేం?" అనేశాడు. అన్నాక తన మాట తనకే వినిపించింది. ఆ రోజు ఆ పిల్ల 'కాదు నాన్నా, అది' అన్నంతవరకూ వచ్చింది. తర్వాతి ముక్క చెప్పనివ్వనిది ఎవరు?

అమ్మలు ఆ మాట ఎత్తలేదు. "డ్రిల్లు క్లాసులో వెనకమ్మాయి చెప్పింది. నువ్వు వంకరగా ఉన్నావేంటే అని. నేను అద్దంలో చూసుకున్నా. సంచి వల్లేమో అనుకుని భుజం మార్చా. అమ్మ చెప్పినట్టు నిటారుగా కూర్చున్నా. అయినా పోలేదు."

దర్జీ టేపు తీశాడు. దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళతో ముప్ఫై ఏళ్ళుగా అంటున్న మాట, తిన్నగా నిలబడండి అన్నది, నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"ఎలా నిలబడగలిగితే అలా నిలబడమ్మా. కొలత తీసుకుంటాను."

వదులు బట్టను వెనకనుంచి గుప్పెట్లో పట్టి బిగిస్తే ఆ వీపు అతని చేతికి తెలిసింది. కుడివైపు రెక్క ఎముక బయటికి పొడుచుకొచ్చింది. కుడివైపు పదిహేనున్నర. ఎడమవైపు పద్నాలుగు. టేపు చివర జారుతుంటే అమ్మలే వేలితో పట్టుకుని ఆపింది.

"నీడకి తెలుసు నాన్నా," అంది మెల్లిగా. "నేను ఇది కొట్టగానే కప్పేసేది. తియ్యమని అడిగినా తీసేది కాదు. నువ్వు చెప్పావు కదా. కానీ కప్పేశాక వచ్చి నా వెనక నిలబడేది. గోడ మీద చూస్తే అచ్చం నాలాగే నిలబడేది. రోజూ."

అతను టేపు చుట్టి పక్కన పెట్టాడు. నాలుగు నెలలుగా నీడ తన కాళ్ళ ముందు, తన కళ్ళ ముందు, అదే చూపిస్తూ నడిచింది. దాన్ని కసిరాడు. ఇస్త్రీ పెట్టెతో రుద్దాడు.

ఎనిమిదింటికి భార్య వచ్చింది. విన్నాక చాలాసేపు కూతురి వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. "స్నానానికి తలుపు బిగించుకుని వెళ్తుంటే పెద్దదవుతోంది కదా అనుకున్నానే," అంది. "ఒక్కసారి వీపు రుద్దనా అని అడిగినా తెలిసేది."

ఆసుపత్రిలో ఎముకల డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుగు పెట్టె మీద పెట్టి, గీతలు గీసి, కోణం కొలిచింది. దర్జీ ఆమె చేతినే చూస్తున్నాడు. కొలిచేవాళ్ళ చెయ్యి ఎలా ఉంటుందో అతనికి తెలుసు. అంకె నచ్చకపోతే ఒక్క క్షణం ఆగుతుంది. ఆమె చెయ్యి ఆగింది.

"ముప్ఫై తొమ్మిది డిగ్రీలు. మీరు మొదట ఎప్పుడు గమనించారు?"

దర్జీ కూతురి వైపు తిరిగాడు. అమ్మలే చెప్పింది. "పోయిన సంవత్సరం. సెలవులకి ముందు."

"పది నెలలు," అంది డాక్టరమ్మ. కోపంగా అనలేదు. "అప్పుడు ఇంత ఉండి ఉండదు, మహా అయితే ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో ఉండేది. అప్పుడే బెల్టు వేసి ఉంటే చాలావరకు అక్కడే ఆగేది. సరే, ఇప్పుడైనా వచ్చారు. ఇంకో అయిదారు డిగ్రీలు పెరిగాక వచ్చుంటే ఆపరేషన్ మాటే మాట్లాడుకునేవాళ్ళం. ఈ పిల్లకి ఇంకా ఎదుగుదల ఉంది. బెల్టు వేద్దాం. వంగింది పూర్తిగా తిన్నగా అవదు, ముందే చెప్తున్నాను. పెరగకుండా ఆపడానికి చూద్దాం."

బెల్టంటే నడుంకి కట్టుకునేది కాదు. చంకల కింద నుంచి తుంటి దాకా గట్టి ప్లాస్టిక్ డొల్ల. వెనక మూడు పట్టీలు. రోజుకి ఇరవై గంటలు. పడుకున్నా, బడికెళ్ళినా, ఎండాకాలమైనా. ఆ పట్టీలు బిగించే పని దర్జీ తీసుకున్నాడు. పొద్దున్నే పిల్ల గోడకి చేతులు ఆనించి నిలబడేది. డాక్టరమ్మ గుర్తు పెట్టిన గీతదాకా పట్టీ లాగేవాడు. లాగినప్పుడు పిల్ల ఊపిరి ఒకసారి ఆగి మళ్ళీ అందుకునేది. మొదటి నెల ఆ చప్పుడు అతనికి రోజంతా మిషను చప్పుడులో కూడా వినిపించేది.

ఒక పొద్దున పట్టీ బిగిస్తూ, ముఖం కనిపించదు కాబట్టి ధైర్యం చేశాడు.

"ఆ రోజు నిన్ను అడగాల్సిందమ్మా."

"పర్లేదు నాన్నా," అంది అమ్మలు.

కోప్పడినా బాగుండేది. ఏడ్చినా బాగుండేది. ఆ 'పర్లేదు' దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. రెండో పట్టీ, మూడో పట్టీ కూడా గీతదాకా బిగించాడు.

కాపలా ఇక మానేశాడు. నీడను ఇంట్లో వదలడం ఎందుకు, తనే ఉంటే పోలేదా అనుకుని, నాలుగింటికే దుకాణం కట్టి, కాజాలు గుండీల పని సంచిలో వేసుకుని ఇంటికొచ్చేవాడు. కంప్యూటర్‌కి నాలుగడుగుల దూరంలో కూర్చుని కుట్టుకునేవాడు. పిచ్చుకకి పండగే. నాన్న మీదకెక్కి, పక్షుల వీడియోలన్నీ చూపించి, ప్రతిదాని పేరూ అడిగి చంపేది. అమ్మలు మాత్రం అతను రాగానే లేచేది.

"చూసుకో అమ్మా. నేనేమీ అనను. కావాలంటే అటు తిరిగి కూర్చుంటాను."

"అయిపోయింది నాన్నా."

రోజూ అయిపోయేది. హోంవర్కు కూడా స్నేహితురాలింట్లో చేసుకు రావడం మొదలుపెట్టింది. ఆ పిల్ల అతనితో బాగానే ఉండేది. అన్నం పెట్టేది, దుకాణానికి టీ తెచ్చేది, పిలిస్తే పలికేది. ఏదైనా తెలుసుకోవాల్సి వస్తే మాత్రం అతన్ని అడిగేది కాదు. అతను చూస్తుండగా ఇంకెవర్నీ, దేన్నీ కూడా అడిగేది కాదు. ఒకప్పుడు తెర మీద కప్పు వెయ్యడానికి నీడ కావాల్సొచ్చింది. ఇప్పుడు తను గదిలో అడుగు పెడితే చాలు, కప్పు దానంతటదే పడుతోంది.

అలా కొన్ని నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం, సెలవు రోజు, అమ్మలు వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"నాన్నా, రేపటి నుంచి నువ్వు దుకాణంలోనే ఉండు. పని పాడవుతోంది."

"పనికేముందమ్మా."

"నీడని వదిలి వెళ్ళు," అంది. కాసేపాగి, "అదుంటే పర్లేదు," అంది.

మర్నాడు మధ్యాహ్నం అతను గుమ్మంలో మడమ నొక్కి నీడను విప్పి, కుర్చీలో కూర్చోబెట్టాడు. ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో ఈసారి ఒక్క ముక్క చెప్పలేదు. వదిలేసి వెళ్ళిపోయాడు. సాయంత్రాలు అమ్మలు మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చోవడం మొదలుపెట్టిందని పిచ్చుక చెప్పింది. ఏం చూస్తుందని అతను అడగబోయాడు. పిచ్చుక చెప్పబోయింది కూడా. "వద్దులే," అని ఆపేశాడు.

రాత్రి నీడను తగిలించుకున్నప్పుడు ఏదో కొంత అందేది. కొన్ని రోజులు దాని భుజాలు నవ్వి నవ్వి అలిసినట్టు తేలిగ్గా ఉండేవి. కొన్ని రోజులు కాళ్ళకి బరువుగా తగిలేది. అంతకుమించి దానికి చెప్పడం రాదు. అతను ఆ కాస్తా పట్టుకుని, ఇవాళ బాగుంది, ఇవాళ బాగాలేదు, అని కూతురి గురించి తెలుసుకునేవాడు.

రెండున్నరేళ్ళకి బెల్టు తీసేశారు. డాక్టరమ్మ చివరి ఎక్స్‌రే పెట్టి కొలిచింది. ఈసారి చెయ్యి ఆగలేదు. నలభై ఒకటి. ఎదుగుదల ఆగింది, వంపూ ఆగింది. ఆపరేషన్ అక్కర్లేదు. కుడి భుజం అలాగే ఎత్తుగా ఉండిపోతుంది. ఎక్కువసేపు నిలబడితే నడుం నొప్పి వస్తుంది, దానికి వ్యాయామాలున్నాయి. "అదృష్టవంతురాలివి," అంది డాక్టరమ్మ అమ్మలుతో. అమ్మలు నవ్వింది. దర్జీ నవ్వలేకపోయాడు. ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో దగ్గర ఆగాల్సింది, ఆ పది నెలలకి ముందే, ఒక్క ప్రశ్న దూరంలో.

ఆసుపత్రి నుంచి నలుగురూ నడిచే ఇంటికి బయల్దేరారు. సాయంత్రపు ఎండ వెనకనుంచి పడుతోంది. భార్యా పిచ్చుకా చేతులు పట్టుకుని ముందు పోతున్నారు. అమ్మలు వాళ్ళకి కాస్త వెనగ్గా, డొల్ల లేని ఒంటితో, ఎలా నడవాలో కొత్తగా చూసుకుంటున్నట్టు నడుస్తోంది. దర్జీ అందరికంటే వెనక ఉన్నాడు. అతని నీడ పొడుగ్గా సాగి, ఒక భుజం ఎత్తుకుని, రోడ్డు మీద అమ్మలు పక్కదాకా చేరింది.

అమ్మలు దాన్ని చూసింది. తొక్కకుండా కొంచెం పక్కకి జరిగి దానికి చోటిచ్చింది. తర్వాత తల వంచి దానితో ఏదో చెప్పడం మొదలుపెట్టింది. మెల్లగా, ఆగకుండా, చేతులు కూడా కదుపుతూ. ఆ పిల్లకి ఇన్ని మాటలున్నాయని అతను ఎన్నడూ ఎరగడు. మధ్యలో ఒకసారి నవ్వింది. ఒకసారి కళ్ళు తుడుచుకుంది.

ఏం చెబుతోందో వెనకదాకా వినిపించలేదు. నాలుగంగలు వేస్తే వినిపించేదే. దర్జీ వెయ్యలేదు. కూతురు మెల్లగా నడిస్తే తనూ మెల్లగా, తొందరపడితే తనూ తొందరగా, నీడ ఆమె పక్కనుంచి తప్పిపోకుండా చూసుకుంటూ, ఇల్లు వచ్చేదాకా అంత దూరంలోనే నడిచాడు.